రంగు వరకే చెప్పాల్సింది

ఆ రోజు పొద్దున పదకొండు గంటల వేళ, ట్యూబ్‌లైటు కింద ఒక ముసలాయన పళ్ల సెట్టును చేతిలో తిప్పి చూసి, ఆయన భార్య ముందు నేను ఒక మాట అన్నాను. తంబాకు మరక అన్నాను. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. పైగా అది నిజం కాదు.

గోదావరిఖని చౌరస్తా వెనక సందులో నాకు పళ్ల సెట్లు తయారు చేసే చిన్న ల్యాబు ఉంది. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, నేను సెట్లు చేసి పంపుతాను. పెట్టుకున్నవాళ్లు రిపేరుకో పాలిష్‌కో నేరుగా నా దగ్గరికే వస్తుంటారు. వాళ్లలో ఎక్కువమంది బాయి పని చేసి రిటైరైనవాళ్లు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. బాయి లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. అందుకని చాలామంది తంబాకు, అంటే పొగాకు, నములుతారు. దవడకు పెట్టుకుంటే షిఫ్టు అయిపోయేదాకా అదే తోడు. కాబట్టి మా ఊళ్లో పళ్ల మీద గోధుమరంగు మరక కనిపిస్తే ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు. నేను చెయ్యాలి, అది నా పని. ఆ రోజు నేనూ చెయ్యలేదు.

నాకు పని నేర్పిన ఉస్తాదు ఈ విషయంలో చాలా కచ్చితమైన మనిషి. ప్రతి సెట్టుకూ, చిగుళ్ల కోసం వాడే గులాబీరంగు ముద్దను అచ్చులో ఉడకబెట్టాక అంచుల్లో మిగిలే తునక ఒకటి దాచమనేవారు. వెనక దవడ పన్ను ఒకటి మిగిలితే అదీ అందులోనే. నల్ల కాగితంలో చుట్టి, మీద తారీఖు వేసి, వెలుతురు తగలని సొరుగులో పెట్టాలి. ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి రంగు మారింది అంటే, దాచిన తునకను, వాడిన సెట్టును పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ నీళ్లలో తడిసి ఉండాలి, ఎందుకంటే ఎండిన సెట్టు ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. ఉత్తరం కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడాలి. ఐదు లెక్కపెట్టేంత సేపే చూసి, కళ్లు తిప్పి బూడిదరంగు గుడ్డ వైపు చూసి, మళ్లీ చూడాలి. గులాబీరంగును అదేపనిగా చూస్తే కన్ను అలిసిపోయి లేని రంగులు చూపిస్తుంది. అంతటితో అయిపోదు. మూడు జతల కళ్లు చూడాలి. ముగ్గురూ ఒకరి మాట ఒకరు వినకుండా మూడు మాటల్లో ఒకటి చెప్పాలి. లేదు, కొంచెం, బాగా. ఇద్దరు ఏది అంటే అది కాగితం మీద రాయాలి.

ఉస్తాదు ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. తెలుగు మాట్లాడినా ఆ వాసన పోయేది కాదు.

"అరే బేటా, రంగు ఎంత మారిందో నువ్వు చెప్పు. ఎందుకు మారిందో వాళ్లను పూఛో, అడుగు. నీ కండ్లకు అంత వరకే డ్యూటీ," అనేవారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. సొరుగు, నల్ల కాగితాలు, బూడిదరంగు గుడ్డ అన్నీ నా దగ్గర ఉన్నాయి. అడగడం మాత్రం నేను ఎప్పుడో మానేశాను. దానికి కారణం నా గొప్పతనం మీద నాకున్న మోజు. సెట్టు చేతికి తీసుకుని, "నువ్వు చాయ్ జరంత ఎక్కువ తాగుతవ్ కదా అన్నా," అంటే ఎదుటివాళ్లు ఆశ్చర్యపోయేవాళ్లు. "పసుపు పట్టిచ్చిన గుడ్డతోటి తుడుస్తున్నవా అక్కా," అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు చిలక జోస్యం చూసినట్టు చూసేవాళ్లు. ఆ చూపులు నాకు ఇష్టంగా ఉండేవి. చాలాసార్లు నా మాట నిజమయ్యేది కూడా. నిజం కానప్పుడు ఏం జరిగిందో నేను ఏనాడూ వెనక్కి వెళ్లి కనుక్కోలేదు.

ఆ రోజు వచ్చిన ముసలాయనను నేను కాక అని, అంటే చిన్నాయన అని పిలుస్తాను. ముప్పై ఏళ్లకు పైగా బాయిలో చేసి దిగిపోయిన మనిషి. ఆయన సెట్టు రెండేళ్ల కింద నేనే చేశాను. ఏడాది కింద ఆయన బుగ్గ లోపల తెల్లమచ్చ లేస్తే దవాఖానలో గీకి తీశారు. ఆ సంగతి నాకు తెలుసు. కాక వెంట ఆయన భార్య చిన్నమ్మ వచ్చింది. చిన్నమ్మ అని పిలవడమే గానీ నాకు చుట్టం కాదు. బెంచీ మీద అప్పటికే ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. కాకతో ఒకే బాయిలో చేసినవాడు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్లు.

చిన్నమ్మ కొంగు ముడి విప్పి సెట్టున్న డబ్బా నా చేతికి ఇచ్చింది.

"గిదేందో జర చూడు కొడుకా. నల్లగైతున్నయి. మొన్న మనుమరాలు 'తాతా, నీ పండ్లు బొగ్గు తిన్నయా' అన్నది. గప్పటి సంది మీ కాక నవ్వుతలేడు."

"బొగ్గు తినలేదు, బొగ్గే మనల తిన్నది," అన్నాడు బెంచీ మీది బావ. కాక కూడా నవ్వాడు. పళ్లు లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

పొద్దున్నుంచి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి గాలి దుమ్మును మోసుకొస్తోందని నేను ఉత్తరం కిటికీ మూసి ఉంచాను. అద్దం మీద నల్లటి పొర అలాగే ఉంది, తుడవలేదు. ట్యూబ్‌లైటు కిందే చూశాను. సెట్టు ఎండిపోయి ఉంది. సొరుగు తెరవలేదు. ఐదు కాదు, రెండు కూడా లెక్కపెట్టలేదు.

"కాకా, బాయి ఇడిచినా తంబాకు ఇడువనట్టున్నవ్ గదా," అన్నాను. ఆ మాట అంటూనే ఆయన రిపేరు కాగితం మీద కూడా రాసేశాను.

బావ తొడ చరిచి నవ్వాడు. "నేను అన్న గదరా బావా, ఎప్పుడన్న దొరుకుతవని."

కాక నవ్వలేదు. "లేదు బిడ్డా. నేను ముట్టలే," అన్నాడు.

చిన్నమ్మ నా వైపు వంగింది. "మంచిగ చూసి చెప్పు కొడుకా. తంబాకేనా?"

నాకు అప్పుడు ఇంకొక అవకాశం దొరికింది. ఆమె చేతులు జోడించినంత పనిచేసి అడిగింది. కిటికీ రెక్క తియ్యడానికి ఎంతసేపు పడుతుంది. నేను మాత్రం నా మాట కింద పడకూడదని చూసుకున్నాను.

"ఇరువై ఏండ్ల సంది చూస్తున్న చిన్నమ్మా. గీ రంగు నాకు ఎర్కలేదా," అన్నాను.

ఆమె కాక వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"దవాఖానల నా నెత్తి మీద చెయ్యి పెట్టినవ్. ఇగ ముట్ట అన్నవ్. అంటే నేను పోయినా నీకు పర్వలేదన్నట్టు."

మా దిక్కు ఒకరి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయడం అంటే మాటలు కాదు. ఆ ఒట్టు తప్పితే కీడు చెయ్యి పెట్టినవాళ్లకు రాదు, ఎవరి నెత్తి మీద పెట్టారో వాళ్లకు వస్తుందని నమ్మకం. నేను అన్నది ముసలాయన తంబాకు నమిలాడనే చిన్న సంగతి. ఆమెకు వినిపించింది తన భర్త తన ప్రాణాన్ని చిటికెడు ఆకుకు మార్చుకున్నాడని.

బావ నవ్వు ఆగిపోయింది. చిన్నమ్మ చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. కాక లేచి, "ఆగవే," అన్నాడు. ఆమె ఆగలేదు. ఆయన నా చేతిలోని సెట్టు వైపు చూశాడు. నేను చెయ్యి చాచి ఇచ్చాను, ఆయన తీసుకోలేదు.

"నీ దగ్గర్నే ఉంచుకో బిడ్డా. నాకెందుకు ఇగ," అని ఆమె వెనకే పోయాడు. పళ్లు లేకపోవడంతో మాట గాలిలా వచ్చింది. బుగ్గలు లోపలికి పోయిన ఆ ముఖం పక్కనుంచి చూస్తే అచ్చం మా నాయన ముఖంలా ఉంది.

మా నాయన కూడా బాయిలో చేశాడు. తంబాకు మానేశానని మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన గంబూట్లు ఎండలో పెడుతుంటే లోపల పొట్లం దొరికింది. తీసుకుపోయి అమ్మకు చూపించాను. ఆమె ఏడుస్తుంటే నేను పక్కన నిలబడి, ఒక పెద్ద పని చేసినవాడిలా చూశాను. తర్వాత కొన్నేళ్లకు నాయనకు దవడ తీసేశారు. సగం దవడకు సెట్టు ఎలా చెయ్యాలో నేను నేర్చుకునేలోపే ఆయన పోయాడు. పోయేముందు గంజి కూడా మింగలేకపోయాడు. అప్పటినుంచీ బాయి మనుషులు "ముట్టలే" అంటే నాకు గంబూటు లోపలి పొట్లమే గుర్తొస్తుంది. ఆ పొద్దున ట్యూబ్‌లైటు కింద నేను పట్టుకున్నది ఆ కాకను కాదు, మా నాయనను. కానీ శిక్ష కాకకు పడింది.

మధ్యాహ్నం మూడు దాటాక ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు గడగడలాడాయి. ఎప్పుడూ జరిగేదే. ఆ చప్పుడుకు లేచి కిటికీ తెరిచాను. అద్దం తుడిచాను. సెట్టు నీళ్లలో వేశాను. సొరుగులోంచి కాక పొట్లం తీసి, తునకను, పన్నును పక్కన పెట్టి చూశాను. ఐదు లెక్కపెట్టాను. గుడ్డ వైపు చూసి మళ్లీ చూశాను. రంగు బాగా మారింది, అందులో సందేహం లేదు. అయితే తంబాకు నమిలేవాళ్లు దాన్ని ఒకే దిక్కు దవడకు పెట్టుకుంటారు. మరక ఆ దిక్కే చిక్కగా పడుతుంది. ఈ సెట్టుకు కుడి ఎడమా ఒక్కలాగే పట్టింది. ముందు పళ్ల సందుల్లో, అంగిలి మీద కూడా సన్నటి గోధుమరంగు పొర పరుచుకుని ఉంది.

పక్కనే చీరలకు జాకెట్టు గుడ్డలు కలిపి ఇచ్చే మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఆ షాపు అక్క ఏ చీరనైనా ఎండలోకి తీసుకుపోయి చూడకుండా గుడ్డ కోయదు. రంగుల విషయంలో ఆమె కళ్లు నా కళ్లకంటే నమ్మదగినవి. ఆమెనూ, ఆమె దగ్గర కుట్టుపని చేసే ఆవిడనూ పిలిచాను. ఒకరి తర్వాత ఒకరిని చూడమన్నాను. ఇద్దరూ బాగా అనే చెప్పారు. పిలిచింది రంగు కోసమే. కుట్టు ఆవిడ వెళ్లిపోయింది గానీ అక్క పోలేదు. సెట్టును నీళ్లలోంచి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎవరియి అన్నా ఇవి?"

"ఒక కాకయి. తంబాకు అనుకున్న."

"మా ఇంటాయన బతికినన్నాళ్లు తంబాకు నమిలిండు. ఎంత కడిగినా గ వాసన పోతదా. ఇది పుదీన లెక్క వస్తాంది. ఏదన్న మందా?"

నేనూ వాసన చూశాను. పొద్దున చూడాల్సిన వాసన అది. పుదీనా లాంటి ఆ వాసన నాకు బాగా తెలుసు. నోట్లో పుండ్లు, ఆపరేషన్లు అయినవాళ్లకు డాక్టర్లు పుక్కిలించమని రాసే మందు వాసన. ఎక్కువకాలం వాడితే, దాని మీద చాయ్ కూడా తాగితే, పళ్లకూ సెట్లకూ సరిగ్గా ఇలాగే గోధుమరంగు పొర పడుతుంది. ఈ సంగతి నాకు ఎన్నేళ్లుగానో తెలుసు. నోట్లో ఏం పోసుకుంటున్నావు కాకా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

షట్టరు దించి, సెట్టు, పొట్లం తీసుకుని బండి మీద వాళ్లింటికి పోయాను. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, కాలనీ వెనక రెండు గదులు కట్టుకుని ఉంటున్నారు. చిన్నమ్మ ముందర గచ్చు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కాక లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొయ్యి మీద గిన్నె మూత తియ్యలేదు. ఇద్దరూ అన్నం తినలేదని అర్థమైంది.

"చిన్నమ్మా, నేను తప్పు చెప్పిన," అన్నాను నిలబడే. "అది తంబాకు కాదు. కాక నోరు పుక్కిలించే మందు వాడుతున్నడా?"

ఆమె గింజ తీయడం ఆపలేదు. గడపకు ఆనుకుని ఉన్న గూటి వైపు చూపించింది. గూట్లో ఒకే తీరు ప్లాస్టిక్ సీసాలు వరుసగా ఉన్నాయి. పారేయడం ఎందుకని ఆమె ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో దీపం నూనె పోసి పెట్టుకుంది. మిగిలినవి ఖాళీవి. చివరిదాంట్లో సగం దాకా గులాబీరంగు మందు ఉంది.

"డాక్టరు ఎన్ని దినాలు వాడుమన్నడు?"

లోపలినుంచి కాక గొంతు వినిపించింది. "పదిహేను దినాలన్నడు. నేనే ఇడువలే. రోజుకు మూడుసార్లు పోసుకుంటున్న. మల్ల గ మచ్చ లేస్తే గీమెకేమైతదో అని."

నేను గచ్చు మీద కూర్చుండిపోయాను. ఆయన ఒట్టును ఎంత భయంగా కాపాడుకున్నాడో, ఆ భయమే రంగయి పళ్ల మీద పడింది. నేను దాన్ని చూసి ఒట్టు తప్పాడన్నాను.

అదంతా చిన్నమ్మకు విడమరిచి చెప్పాను. మరక రెండు దిక్కులా ఒక్కలాగే ఎలా పట్టిందో, తంబాకు అయితే ఎలా ఉండేదో సెట్టు పట్టుకుని చూపించాను. కిటికీ మూసి ఉందని, సొరుగు తెరవలేదని, పదిమందిలో తెలివి చూపించుకోవాలని ఆ మాట అన్నానని కూడా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"నీదేమున్నది కొడుకా. రంగు చూసినవ్, నోటికొచ్చింది అన్నవ్," అంది. చేతిలోని చింతపండును చూస్తూ, "నలభై ఏండ్లు కాపురం చేసిన. నువ్వు అనంగనే నేనెట్ల నమ్మిన?" అంది.

లోపలినుంచి కాకే అన్నాడు.

"బాయిల ఉన్నప్పుడు ఎన్ని అబద్ధాలు చెప్పలేదే నీకు. నమ్మక ఏం జేస్తవ్."

ఆమె కళ్లు తుడుచుకుంది. అయినా ఆయన వైపు చూడలేదు. అన్నం పెట్టడానికి లేచింది, పళ్లెం మంచం పక్కన పెట్టింది, మాట మాత్రం ఆయనతో కలపలేదు. మరక పోయాకే పెట్టుకుంటానని కాక సెట్టు తీసుకోలేదు. పళ్లు లేకుండా ఆయన మెతుకులు చిదుపుకుంటూ తింటుంటే నేను చూడలేక తల దించుకున్నాను. నేను చెరిపేయగలిగింది మరకనే అని అప్పుడు తెలిసింది. ఆ పూట ఆమె నమ్మిన నమ్మకాన్ని కాదు.

తిరిగి వస్తూ చాయ్ హోటల్ దగ్గర ఆగాను. పొద్దున బెంచీ మీద ఉన్న బావ నలుగురి మధ్య కూర్చుని ఉన్నాడు. ఆ కథ అప్పటికే అక్కడ ఒక రౌండు తిరిగిందని నన్ను చూసి నవ్విన తీరులోనే తెలిసింది.

"ఏంది డాక్టరూ, ఇయ్యాల ఇంకెవరన్న దొరికిన్రా?"

"నేనే దొరికిన," అన్నాను. నలుగురూ వినేలా జరిగిందంతా చెప్పాను. కాక ఏడాదిగా తంబాకు ముట్టలేదని, మరక మందుదని, చూడకుండా మాట్లాడింది నేనని చెప్పాను. బావ గ్లాసు కింద పెట్టాడు.

"నేను గూడ నవ్విన గదా," అన్నాడు. "రేపు పోత ఆళ్లింటికి."

మర్నాడు పొద్దున్నే సెట్టును రాతిపొడితో పాలిష్ చక్రం మీద మెల్లగా రుద్దాను. ఒత్తితే పళ్ల మీది మెరుపు పోతుంది, అందుకని ఒక్కొక్క సందునూ చేత్తో చేసుకున్నాను. అది నీళ్ల డబ్బాలో వేసుకుని, పొట్లం, బూడిదరంగు గుడ్డ, ముందురోజు రాసిన కాగితం తీసుకుని మళ్లీ వాళ్లింటికి పోయాను. ఎండ ఇంకా గచ్చు మీదికి రాలేదు, వెలుతురు చల్లగా, సరిగ్గా ఉంది. గుడ్డ పరిచి, దాని మీద తునకను, పన్నును, సెట్టును తడిగా పెట్టాను. చూడడం ఎలాగో ఇద్దరికీ చెప్పాను. ఆ ఇంట్లోనే మూడు జతల కళ్లు ఉన్నాయి.

ముందు నేను చూసి చెప్పకుండా ఊరుకున్నాను. కాక చూశాడు. చిన్నమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఐదు లెక్కపెట్టి, గుడ్డ వైపు చూసి, మళ్లీ చూసింది. నేను ఆ పని అంత శ్రద్ధగా చేసి ఎన్నాళ్లయిందో.

"లేదు," అన్నాడు కాక.

"కొంచెం ఉన్నది," అంది చిన్నమ్మ. "సందులల్ల కనవడ్తాంది."

నాకూ కొంచెం కనిపించింది. అదే చెప్పాను.

రిపేరు కాగితం విప్పి, ముందురోజు నేను రాసిన తంబాకు అన్న మాటను వాళ్ల ముందే కొట్టేశాను. పక్కన కొంచెం అని రాశాను. తర్వాత పెన్ను ఆపి కాక వైపు చూశాను.

"ఎందుకు మారిందని రాయాలె కాకా?"

ఆయన చిన్నమ్మ వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"పుక్కిలించే మందు అని రాయి బిడ్డా," అన్నాడు. "రోజుకు మూడుసార్లు అని గూడ రాయి."

ఆయన చెప్పినట్టే రాశాను. రాసింది చిన్నమ్మకు వినిపించేలా పైకి చదివాను.